ఇప్పగూడెం మరుగుజ్జు సారు

రామనర్సయ్య సారుతో ఏ విషయం మీదైనా మాట్లాడవచ్చు. వాన గురించి మొదలుపెట్టండి, వడ్ల గురించి మొదలుపెట్టండి, మీ మేనత్త మోకాలి నొప్పి గురించి మొదలుపెట్టండి. ఆయన శ్రద్ధగా వింటాడు, తల ఊపుతాడు, మధ్యలో ఒకసారి "అయ్యో" అని కూడా అంటాడు. సరిగ్గా ఒక నిమిషం గడిచేసరికి మీరు మరుగుజ్జు గ్రహాల మధ్య ఉంటారు. అక్కడికి ఎలా వచ్చారో మీకు తెలియదు. దారి ఆయనకొక్కడికే తెలుసు.

భద్రాచలం దాటి సరిహద్దు అవతలికి పోతే వచ్చే కొంటా నుంచి లోపలికి పద్దెనిమిది కిలోమీటర్లు వస్తే ఇప్పగూడెం. అక్కడి దవాఖానాలో ఆయన ఇరవై ఏడేళ్లుగా ఆరోగ్య కార్యకర్త. సర్కారు కాగితాల్లో దాని పేరు ఉప స్వాస్థ్య కేంద్రం. రెండు గదులు, ఒక వరండా, వరండాలో నాలుగు బెంచీలు. వచ్చినవాళ్ల వేలు పొడిచి రక్తం చుక్క తీయడం, మలేరియా ఉందో లేదో చూడడం, ఉంటే దగ్గరుండి మందు మింగించడం ఆయన పని. మిగతాదంతా గ్రహాలే.

నవీనకు ఈ సంగతులేవీ తెలియవు. ఆమె కిరండూల్‌లో పెరిగిన పిల్ల. తండ్రి పలాస వైపు నుంచి వచ్చి ఇనుప గనిలో యంత్రం నడుపుతూ అక్కడే ఉండిపోయాడు. నర్సింగు చదివి, పాతికేళ్లు నిండకముందే ఇప్పగూడెం కేంద్రానికి అధికారిగా వచ్చింది. ఆ చుట్టుపక్కల పల్లెలకు మనుషుల్ని తిప్పే రాంబాబు జీపు దిగి, పెట్టె వరండాలో పెట్టి, బెంచీ మీద గుమ్మడికాయను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలామెను అడిగింది.

"ఇక్కడ స్టాఫ్ ఎవరూ లేరా అండి?"

"మరుగుజ్జు సారు లోపటున్నడు. పో బిడ్డా," అంది ఆమె. ఆమె పేరు వెంకమ్మ.

నవీన మర్యాద తెలిసిన అమ్మాయి. పొట్టివాళ్లను చూసి తడబడకూడదని, వాళ్లతో మాట్లాడేటప్పుడు కాస్త వంగి మాట్లాడాలని అనుకుంటూ, చూపును ముందే కిందికి దించుకుని గడప దాటింది. ఆమెకు ఒక బెల్టు కనిపించింది. అక్కడి నుంచి చూపు పైకి లేపుతూ పోతే చొక్కా బొత్తాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. ఆరో బొత్తాం తర్వాత మెడ, మెడ తర్వాత మీసం, దాని పైన ఎక్కడో గుమ్మం పైకమ్మీకి తగలకుండా పక్కకు వంచిన తల. మనిషి ఆరడుగుల రెండంగుళాలు.

"నవీన మేడమా? రాండ్రి, రాండ్రి. కిరండూల్ నుంచి ఎంతసేపు పట్టింది?"

"ఆరు గంటలు పట్టింది సార్."

"ఆరు గంటలు," అన్నాడాయన, లెక్క వేసుకుంటూ. "అంటే హౌమియా ఒకసారి పూర్తిగ తిరిగి, రెండోసారి సగం తిరిగి ఉంటది."

"ఆవిడెవరండి? ఇక్కడ ఏఎన్ఎమ్మా?" అంది నవీన.

ఆయన కుర్చీ లాగి వేశాడు. నవీన కూర్చుంది. మళ్లీ లేచేసరికి సాయంత్రమైంది. హౌమియా ఉద్యోగిని కాదని, కోడిగుడ్డులా ఉండే ఒక చిన్న గ్రహమని, అది నాలుగు గంటలకే ఒకసారి తన చుట్టూ తాను తిరిగేస్తుందని, అంత జోరుగా తిరగబట్టే అలా సాగిపోయి ఉంటుందని, దానికి రెండు చందమామలు, ఒక వలయం ఉన్నాయని అప్పటికి ఆమెకు పూర్తిగా తెలిసిపోయింది. మందుల బీరువా తాళం ఎక్కడుంటుందో మాత్రం తెలియలేదు.

బుధవారం సంత. ఆ రోజు చుట్టుపక్కల పల్లెల వాళ్లంతా ఇప్పగూడెం వస్తారు. వచ్చినవాళ్లలో పదిపదిహేను మంది దవాఖానా మెట్లెక్కుతారు. సారు అందరి వేళ్లూ వరసగా పొడిచి, చిన్న చిన్న ప్లాస్టిక్ పట్టీల మీద రక్తం చుక్కలు వేసి, వాటిని కిటికీ కింద బల్ల మీద వరసగా పేర్చి, గొంతు సవరించుకుంటాడు. ఇక మొదలు. ఒక మాట తెలుగులో, ఒక మాట హిందీలో, ఒక మాట అక్కడి గూడేల భాష దోర్లిలో. ఎవరి భాష వాళ్లు ఏరుకోవాలి.

"సూర్యుని చుట్టు తిరగాలె. ఒకటి. తన బరువుకు తనే గుండ్రంగ కావాలె. రెండు. తను తిరిగే తొవ్వల అడ్డమొచ్చే రాళ్లురప్పలన్నీ సాఫ్ చేసుకోవాలె. మూడు. మూడూ ఉంటే గ్రహం. మూడోది లేకుంటే మరుగుజ్జు గ్రహం. ఇప్పటికి లెక్కకెక్కినయి ఐదు. మొదటిది సెరిస్." ఇక్కడ ఆయన చెయ్యి వెంకమ్మ ఒళ్లోకి పోతుంది. "ఇగో, ఈ గుమ్మడికాయ సూర్యుడనుకోండ్రి."

"అది అమ్ముకునేది సారూ," అంటుంది వెంకమ్మ. "సూర్యుణ్ని నొక్కకు."

"సెరిస్ ఎంతుంటదో చెప్పనా? ఈ పక్క నుంచి ఆ పక్కకు, కొంటాల బస్సెక్కి రాయపూర్ పోయి మళ్ల కొంటా వచ్చినంత. గంతే. దాని మీద ఒక గుంతల తెల్లగ మెరిసే మచ్చలున్నయి. ఏందో అని మనోళ్లు యంత్రం పంపిన్రు. అది మూడేళ్లు దాని చుట్టే తిరిగి చూసింది. ఉప్పు. లోపటి నుంచి ఉప్పు నీళ్లు పైకొచ్చి ఎండిపోయినయి."

"దొడ్డుప్పా, సన్నుప్పా?" అంటుంది వెంకమ్మ.

ప్రతి బుధవారం ఆమె ఇదే అడుగుతుంది. ప్రతి బుధవారం ఆయన దాని మీద రెండు నిమిషాలు ఆలోచించి చెబుతాడు. తర్వాత ప్లూటో. దాని మీద చలికి గాలే గడ్డకట్టిపోతుంది, ఆ గడ్డ హృదయం ఆకారంలో ఉంటుంది. అది సూర్యుని చుట్టూ ఒకసారి తిరగడానికి రెండు వందల నలభై ఎనిమిదేళ్లు. "ఆడ పుట్టినోనికి పుట్టినరోజు రాదు," అంటాడు సారు బాధగా. దాని దగ్గరికి పంపిన యంత్రం బయల్దేరినప్పుడు గ్రహం దగ్గరికనే బయల్దేరింది. దారిలో ఉండగానే ఇక్కడ శాస్త్రవేత్తలు కూర్చుని దాన్ని మరుగుజ్జు గ్రహం చేసేశారు. తొమ్మిదిన్నరేళ్లు ప్రయాణం చేసి చేరేసరికి ఊరి హోదా మారిపోయింది. "జిల్లాకు ట్రాన్స్‌ఫర్ అని పోతె అది తహసీల్ అయి కూసున్నట్టు," అంటాడు. ఆ తర్వాత హౌమియా. ఆ తర్వాత ఎర్రగా, దూరంగా, ఒకే ఒక చందమామతో మకేమకే. చివరికి ఎరిస్.

ఎరిస్ దగ్గర సారు గొంతు ఒక మెట్టు పైకి లేస్తుంది. అసలు గొడవంతా దాని వల్లే వచ్చింది మరి. ప్లూటో కంటే వెంట్రుకవాసి చిన్నది, కానీ బరువులో ఎక్కువ. అది దొరికాకే, దీన్ని గ్రహమంటే ఇలాంటివి ఇంకెన్ని వస్తాయో అని భయపడి, అందరూ కూర్చుని ఆ మూడు షరతులు రాసుకున్నారు. ఎరిస్ ఐపోగానే సారు బల్ల వైపు తిరిగి, పట్టీలు చూసి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి సంగతి చెప్పి పంపిస్తాడు. అప్పటికి బయట రాంబాబు జీపు గుర్రుగుర్రుమంటూ ఉంటుంది.

సారు కీర్తి దవాఖానా దాటి పోయింది. రెండేళ్ల కిందట ఊళ్లో ఒక పెళ్లిలో మైకు చేతికిచ్చి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారట. ప్లూటో, దాని పెద్ద చందమామ షారన్ ఎప్పుడూ ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూనే తిరుగుతాయని, ఒక్కసారి కూడా ఒకదానికొకటి వీపు చూపించవని, మీరూ అలాగే ఉండాలని దీవించాడు. అందరికీ నచ్చింది. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. మిగతా నాలుగు గ్రహాలూ పూర్తయ్యేసరికి అన్నం చల్లారిపోయింది.

జిల్లా కేంద్రం సుక్మా నుంచి రిజిస్టర్లు తనిఖీ చేయడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, రెండో మరుగుజ్జు గ్రహం మధ్యలో ఉండగానే అన్ని పేజీల మీదా సంతకాలు చేసేసి వెళ్లిపోయాడని కూడా చెప్పుకుంటారు. తర్వాత ఆయన మళ్లీ రాలేదు. ఫోన్లోనే తనిఖీ చేస్తున్నాడు.

నవీన నెల రోజులు ఓపిక పట్టింది. రెండో నెలలో అడిగేసింది.

"సార్, వీళ్లకి ఇదంతా అవసరమా అండి? అంతసేపు అందర్నీ కూర్చోబెడుతున్నాం. చెప్పాలంటే దోమతెరల గురించి చెప్పొచ్చు కదా."

"దోమతెర గురించి రెండు నిమిషాలు చెప్పొచ్చు మేడమ్. తర్వాత?"

"తర్వాతేముందండి, పంపించెయ్యడమే."

"పంపొద్దు," అన్నాడాయన కంగారుగా. వెంటనే సర్దుకుని, "ఇంకా ఎరిస్ ఉంటది కద," అన్నాడు.

నవీనకు నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. "అసలు ఆ శాస్త్రవేత్తలకైనా ఇవెందుకు సార్? ఉన్న పెద్ద గ్రహాలు చాలవా?"

ఆ ప్రశ్నకు ఆయన మొహం వెలిగిపోయింది. మూలన ఉన్న వెదురు గంప తీసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. "పొయ్యి మీద కూర ఉడికిపోయింది. ఏ గింజలు వేసిన్రో, ఎట్లున్న గింజలు వేసిన్రో తెల్వాలె. ఉడికిన కూర చూస్తే తెలుస్తదా?"

"తెలీదండి."

"మన భూమి, పెద్ద పెద్ద గ్రహాలు ఉడికిపోయిన కూర బిడ్డా. కరిగినయి, కలిసిపోయినయి, మారిపోయినయి. మరి గంప అడుగున నాలుగు పచ్చి గింజలు మిగిలినయనుకో. వాటిని చూస్తే?"

"తెలుస్తుంది."

"గవే ఇవి. మొదట్ల సూర్యుని చుట్టు ఏమేం సామానుండె, నీళ్లు యాడికెల్లి వచ్చినయి, మంచుగడ్డల ఏమేం దాగున్నది, అదంత ఆ చలిల పాడుగాకుంట ఉన్నది. చిన్నయని పక్కకు పెడితే కథ మొదలే దొరకదు."

నవీనకు ఆ మాట నచ్చింది. అయినా ఆమె కేంద్రానికి అధికారి. పని పనే కదా అనుకుంది.

వానలు తగ్గే కాలంలో సారు కుడి కంట్లో శుక్లం ముదిరింది. భద్రాచలంలో ఆపరేషన్. పదిహేను రోజులు సెలవు. పోయేముందు నవీనకు మందుల లెక్కలన్నీ అప్పజెప్పి, గుమ్మం దగ్గర ఆగి, "మేడమ్, బుధవారం నాడు అందరిని కూసోబెట్టి..." అని మొదలుపెట్టాడు.

"గ్రహాలు నేను చెప్పను సార్," అంది నవీన నవ్వుతూ.

ఆయన ఏదో అనబోయాడు. అప్పుడే రాంబాబు హారన్ కొట్టాడు. సారు తల వంచుకుని గుమ్మం దాటి వెళ్లిపోయాడు.

మొదటి బుధవారం నవీన తన పద్ధతి పెట్టింది. అట్టముక్కలు కత్తిరించి వాటి మీద అంకెలు వేసింది. రక్తం తీసి, చేతిలో అట్టముక్క పెట్టి, హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. "ఇరవై నిమిషాల్లో మళ్లీ రండి. అప్పటిదాకా సంత చూసుకోండి." జనానికి సంతోషమైంది. ఐదు నిమిషాల్లో వరండా ఖాళీ. దవాఖానా అంత నిశ్శబ్దంగా ఉండడం ఆమె ఎప్పుడూ చూడలేదు. టీ పెట్టుకుంది. రిజిస్టరు రాసుకుంది. ఇంత సులువైన పనిని సారు ఎందుకంత సాగదీస్తాడో అనుకుంది.

ఇరవై నిమిషాలకు బల్ల దగ్గరికి వచ్చి చూసింది. పద్నాలుగు పట్టీలు. పదమూడింటి మీద ఒక్కొక్క గీత. తొమ్మిదో దాని మీద రెండు.

రిజిస్టరు తీసింది. తొమ్మిదో నంబరు హుంగే. వయసు ఇరవై ఒకటి. ఏడో నెల. కిందటి ఏడాదే శబరి నది అవతలి ఒడిశా పల్లె నుంచి కోడలుగా వచ్చింది. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది తప్ప పెద్ద జ్వరమేమీ లేదు. నెలలు నిండుతున్న మనిషి కదా అని పరీక్ష చేసింది. ఆ రెండో గీత ఏ రకం మలేరియాకు పడుతుందో నవీనకు తెలుసు. అది కడుపుతో ఉన్న మనిషిని ఏం చేస్తుందో, లోపలి బిడ్డను ఏం చేస్తుందో పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా రాసింది.

వరండాలోకి పరుగెత్తింది. వచ్చి కూర్చున్నవాళ్లు ఆరుగురు. హుంగే లేదు. సంతలోకి పోయింది. ఎండుచేపల వరసలో వెతికింది, కోళ్ల దగ్గర వెతికింది, ఉప్పు బస్తాల దగ్గర వెతికింది. గుమ్మడికాయల వెనక నుంచి వెంకమ్మ పిలిచింది.

"ఎవరి కోసం బిడ్డా?"

"హుంగే. ఎర్ర చీర. కడుపుతో ఉంది."

"హడ్మా పెండ్లామా? రాంబాబు జీపు ఎక్కె. ఇప్పుడే పాయె."

ఆ జీపు పోయే పల్లె ముప్పై కిలోమీటర్ల అవతల. మధ్యలో రెండు వాగులు. అక్కడ ఫోను పలకదు. నవీన మందు డబ్బీ, నీళ్ల సీసా, చేతికందిన బిస్కెట్ ప్యాకెట్టు సంచిలో వేసుకుని స్కూటీ తీసింది. కిరండూల్ టౌన్‌షిప్‌లో సిమెంటు రోడ్ల మీద నేర్చుకున్న స్కూటీ అది. ఆ బురద దారిలో అది బండిలా కాక బాతులా నడిచింది. రెండుసార్లు పక్కకు ఒరిగింది. రెండోసారి ఆమె కూడా ఒరిగింది. మోకాలి దాకా బురదతో, తనను తాను తిట్టుకుంటూ, ఎవరూ వినరని తెలిసినా "ఆపండి, ఆపండి" అనుకుంటూ నడిపింది.

అదృష్టం పోలీసు క్యాంపు దగ్గరి నాకాలో నిలబడి ఉంది. ఆ చెక్‌పోస్టులో జవాన్లు సంచులు విప్పి చూస్తున్నారు. ముందు నాలుగు బళ్లు, వాటి వెనక రాంబాబు జీపు. హుంగే ఉప్పు బస్తాకు, ఎవరిదో కోళ్ల బుట్టకు మధ్య కూర్చుని ఉంది. అట్టముక్క ఇంకా పిడికిట్లోనే ఉంది.

నవీన జీపు కమ్మీ పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత రాంబాబు వైపు తిరిగింది. "ఇరవై నిమిషాలు ఆగలేకపోయారా అండి? ఆమె దవాఖానాకు వచ్చిందని మీకు తెలుసు కదా."

రాంబాబు తల గోక్కున్నాడు. "నాకెట్ల తెలుస్తది మేడమ్, ఐందో కాలేదో? ఇయ్యాల ఎరిస్ రాలే."

"ఏమిటి?"

"సారు ఉంటే కిటికీలకెల్లి ఇనబడ్తది కద. సెరిస్ అంటే నేను టీకి పోత. హౌమియా అంటే సామాను కడ్త. ఎరిస్ అంటే ఇంజన్ చాలు చేస్త. గప్పుడు దవాఖానా మందంత బయటికొస్తరు, ఎక్కించుకొని పోత. పదేండ్ల నుంచి గిట్లనే. ఇయ్యాల మీరు ఒక్క గ్రహం పేరు గూడ ఎత్తలే. బండి నిండింది, ఎల్లిన."

నవీనకు అప్పుడు దాన్ని ఆలోచించే తీరిక లేదు. హుంగేకు బిస్కెట్లు తినిపించి, మందు మింగించింది. రాంబాబు మధ్యలో నిలబడి ఒక్కొక్క మాటా దోర్లిలో చెప్పాడు. భయపడొద్దని, మూడు రోజులు తప్పకుండా వేసుకోవాలని, రేపే కొంటా పెద్ద దవాఖానాకు పోయి చూపించుకోవాలని. హుంగే అంతా విని, అట్టముక్కను జాగ్రత్తగా నవీనకు తిరిగి ఇచ్చింది. మందు వాంతి కాలేదని నమ్మకం కుదిరేదాకా నవీన జీపును కదలనివ్వలేదు.

తిరిగి వచ్చే దారిలో నెమ్మదిగా నడుపుతూ లెక్క వేసుకుంది. సెరిస్ నాలుగు నిమిషాలు. ప్లూటో నాలుగు. హౌమియా నాలుగు. మకేమకే, ఎరిస్. స్కూటీ ఆపి, బురద చేత్తోనే మొహం కప్పుకుంది.

సారు పదిహేను రోజుల తర్వాత నల్ల కళ్లద్దాలతో దిగాడు. నవీన టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. ఆయన కప్పు పక్కన పెట్టి, "హుంగే ఎట్లున్నది?" అన్నాడు.

"బాగుందండి. మూడు రోజులూ హడ్మా దగ్గరుండి మింగించాడు. కొంటాలో చూపించారు. బిడ్డ కూడా బాగుందన్నారు."

ఆయన కప్పు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎందుకు చెప్పలేదు సార్ నాకు?"

"ఏంది చెప్పేది మేడమ్? మీరు పెద్ద చదువు చదివిన్రు. జనం ఆగరని చెప్తే పోస్టర్ పెడదామంటరు." కాసేపు మీసం సవరించుకున్నాడు. "ఈ పట్టీలు కొత్తగ వచ్చిన ఏడు ఎవరూ ఆగలే. వేలు పొడిస్తే ఐపోయిందనుకునేది. నేను సంచి పట్టుకొని ఎనకాల ఉరికేది. ఒకాయన నన్ను చూసి మామిడి చెట్టెక్కిండు. కింద నిలబడి బతిమిలాడిన. పైనుంచి చెయ్యి చాపిండు, గోలీ విసిరేసిన."

"పట్టుకున్నాడా?"

"మూడోసారికి. తర్వాత కూసోబెట్టాలని కథలు చెప్పిన. రామాయణం చెప్తే వెంకమ్మ తప్పులు దిద్దింది. సినిమా చెప్తే అందరూ చూసిందే. పంటల గురించి చెప్తే చేను యాదికొచ్చి లేచి పోయేది. ఒకనాడు మందుల డబ్బాల అడుగున పరిచిన హిందీ పత్రిక కాగితంల ఇవి ఉన్నయి. ఐదు మరుగుజ్జు గ్రహాలు. ఎవ్వరికి తెల్వదు. తెల్వంది ఎవరు దిద్దుతరు?"

"ఐదు నాలుగులు ఇరవై."

"ఎనిమిది పెద్ద గ్రహాలైతే తలా రెండున్నర పడుతది. అరలు పెట్టుకొని చెప్పుడు కష్టం," అన్నాడు సారు సీరియస్‌గా. "ఇంకొన్ని లైన్ల ఉన్నయి. సెడ్నా, క్వావార్, గొంగొంగ్. ముప్పై నిమిషాల పట్టీ వస్తే కలుపుత."

నవీన నవ్వు ఆపుకుని అడిగింది. "అంటే మీకు నిజానికి ఆ గ్రహాలంటే ఇష్టమేం లేదన్నమాట."

సారు కళ్లద్దాలు తీసేశాడు. ఆ మాట ఆయనకు నిజంగానే తగిలింది. "ఎవరన్నరు? మొదట్ల పనికోసం పట్టుకున్న. జనం ప్రశ్నలు అడిగితే జవాబులు తెల్వాలె కద. నీళ్ల ట్యాంకు మెట్లెక్కి, సిగ్నల్ దొరికిన కాడ నిలబడి ఒక్కొక్కటి చదివిన. ప్లూటో ఫొటో వచ్చిననాడు నేను ఆ మెట్ల మీదనే ఉన్న. అన్నం తినబుద్ధి కాలే."

ఇంకొన్నాళ్లు సారు దుమ్ములో, జనంలో నిలబడకూడదని కంటి డాక్టరు చెప్పాడు. కాబట్టి తర్వాతి బుధవారం ఆయన లోపలి గదిలో, తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నవీన వేళ్లన్నీ పొడిచి, పట్టీలన్నీ బల్ల మీద పేర్చి, జనం వైపు తిరిగింది. హుంగే వచ్చింది. ఈసారి పక్కన హడ్మా ఉన్నాడు.

"సూర్యుని చుట్టూ తిరగాలండి," అని మొదలుపెట్టింది నవీన. తర్వాత తనకు తెలిసినవన్నీ భయంతో గబగబా చెప్పేసింది. ప్లూటోను హౌమియాలో కలిపేసింది. మకేమకే పేరు పలకడంలో నాలుక మడతపడింది. ఎరిస్ చెప్పేసి గడియారం చూసుకుంటే తొమ్మిది నిమిషాలే ఐంది. బయట రాంబాబు ఎరిస్ మాట విని ఇంజను స్టార్టు చేసేశాడు. ఇంకా పదకొండు నిమిషాలు.

అప్పుడు వెనక బెంచీ మీద నుంచి హడ్మా చెయ్యెత్తాడు.

"మేడమ్, ఆ ఎరిస్ కాడికెల్లి చూస్తే సూర్యుడు ఎంత కనబడ్తడు?"

నవీన తెలియదంది. అయితే చుక్కలాగా కనిపిస్తాడా, మిణుగురులాగా కనిపిస్తాడా అని ఇంకొకాయన అడిగాడు. అక్కడ చలికి కోళ్లు బతుకుతాయా అని ఇంకొకామె. బతకవని ఒకరు, గంప బోర్లిస్తే బతుకుతాయని ఒకరు. తలుపు పక్క నుంచి సారు ఉండబట్టలేక గొంతు సవరించుకోవడం వినిపించింది. హడ్మా మెట్ల దాకా పోయి రాంబాబుకు సైగ చేశాడు. జీపు ఇంజను ఆగిపోయింది. కోళ్ల మీద వాదన ఇంకా తేలకుండానే ఇరవై నిమిషాలూ ఐపోయాయి. పన్నెండు పట్టీలు, పన్నెండింటి మీదా ఒక్కొక్క గీతే. హుంగే దాని మీద కూడా.

అందరూ జీపు వైపు పోయాక హడ్మా, హుంగే మెట్ల దగ్గర ఆగారు. నవీన గొంతు తగ్గించి అడిగింది.

"నిజంగా మీకు ఆ గ్రహాలంటే అంత ఆసక్తా హడ్మా?"

హడ్మా లోపలి తలుపు వైపు ఒకసారి చూసి, ఇంకా గొంతు తగ్గించాడు. "గీత రానికి ఇరవై నిమిషాలు పడుతదని మాకు మొదటేడే ఎరికైంది మేడమ్. ఆ పొట్లం మీదనే గడియారం బొమ్మ ఉంటది."

"మరి?"

"మేం లేచి పోతే సారు ఎనకాల ఉరుకుతడు. ఆయన మోకాళ్లు మంచిగ లెవ్వు. అందుకని కూసుంటం. మధ్యల ఆయన దమ్ము తీసుకునేందుకు ఒక్కొక్కరం ఒక్కొక్కటి అడుగుతం, వంతులేసుకున్నం. నా వంతు రెండు వారాలకొకపారి." హుంగే వైపు చూపించి అన్నాడు, "హుంగే కొత్తది, ఆమెకు ఇవి తెల్వవు. నేను చెప్పకపోతి, తప్పు నాదే. ఇది సారుకు చెప్పకు మేడమ్. తనే మమ్మల్ని ఆపుతున్ననని అనుకుంటడు."

లోపలి నుంచి సారు కేకేశాడు. "ఏందట మేడమ్? హడ్మా ఏమడుగుతున్నడు?"

నవీన హడ్మా వైపు చూసింది. హడ్మా ఆకాశం వైపు చూశాడు.

"ఎరిస్ నుంచి సూర్యుడు ఎంత కనబడతాడని మళ్లీ అడుగుతున్నాడు సార్," అంది.

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. నల్ల కళ్లద్దాలు, ఆరడుగుల రెండంగుళాల మనిషి, గుమ్మం కింద తల వంచి బయటికొచ్చాడు. డాక్టరు చెప్పింది ఆయనకు గుర్తున్నట్టు లేదు. "కూసో హడ్మా, కూసో," అన్నాడు. "మంచి ప్రశ్న అడిగినవ్."

హడ్మా హుంగేకు సైగ చేసి, బెంచీ మీద ఆమెకు చోటిచ్చి, తనూ తాపీగా కూర్చున్నాడు.